తివాచీకీ గచ్చుకీ ఒకే యంత్రం

మా నాన్న జీవితంలో ఒక్క చీపురు కొని ఎరగడు. అలాంటి మనిషి ఇల్లు ఊడ్చే యంత్రాన్ని ఎంపిక చెయ్యడానికి నడుం కట్టాడు. అదైనా తనంతట తాను చేశాడా అంటే అదీ లేదు. కంపెనీలో కొత్త క్రేను కొనేటప్పుడు ఎంత హంగామా చేస్తారో అంత హంగామా చేసి, తోటి ఇంజనీర్లని పోగేసి, వరండాలో సభలు పెట్టాడు. ఆ సభల సంగతి ఎవరికైనా చెప్తే పగలబడి నవ్వుతారు. నాకు మాత్రం ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అప్పుడు మేం జంషెడ్‌పూర్‌లో, ఉక్కు కంపెనీ వాళ్ళ అగ్రికో క్వార్టర్లలో ఉండేవాళ్ళం. ఎనభైలు మొదలైన కాలం. నేను కాలేజీలో కొత్తగా చేరాను. ఇంట్లో అమ్మా నాన్నా నేనూ, అంతే. నేలంతా ఎర్ర గచ్చు. పొద్దున ఊడిస్తే మధ్యాహ్నానికల్లా దాని మీద నల్లటి పొర పరుచుకునేది. ఫర్నేసుల్లోంచి వచ్చే దుమ్ము అది. వేలితో రాస్తే కాటుకలా అంటుకుని మిలమిల మెరిసేది. ఆరేసిన బట్టల మీద, మూత పెట్టని మంచినీళ్ళ మీద, పెరుగు మీగడ మీద, ఎక్కడపడితే అక్కడ వాలేది. ఊరందరికీ అన్నం పెట్టే దుమ్ము కాబట్టి దాన్ని పైకి తిట్టే ధైర్యం ఎవరికీ ఉండేది కాదు. ఆ తిట్లన్నీ ఆడవాళ్ళు లోపల్లోపలే తిట్టుకుని ఊడ్చుకునేవాళ్ళు.

అమ్మది శ్రీకాకుళం దగ్గర పల్లె. చీపుళ్ళు జంషెడ్‌పూర్ బజార్లో కొనేది కాదు. ఊళ్ళో బర్మామైన్స్ అనే పేటలో మా వైపు వాళ్ళు బోలెడుమంది ఉండేవారు. వాళ్ళలో ఎవరు దేశం వెళ్ళొచ్చినా అమ్మకి ఒక కట్ట కొండచీపుళ్ళు తెచ్చి ఇవ్వాల్సిందే. ఇక్కడ దొరికేవి ఊడిసేయి కాదు, గీకేయి అనేది. చీపురు విషయంలో ఆవిడకి బోలెడు పట్టింపులు. దీపం పెట్టాక ఊడవకూడదు. చీపురు కాలికి తగలకూడదు. అన్నిటికన్నా గట్టి పట్టింపు ఇంకొకటుంది. ఇంట్లోంచి మనిషి బయల్దేరితే, ఆ మనిషి వీధి మలుపు తిరిగేదాకా చీపురు ముట్టకూడదు. గడప దాటగానే వెనకాల ఊడిస్తే ఆ మనిషి మళ్ళీ ఈ గడప తొక్కదని మా వాళ్ళ నమ్మకం. శవం లేచిన ఇంట్లోనే అలా వెంటనే ఊడుస్తారు. నాన్న పొద్దున్నే షిఫ్టుకి స్కూటర్ మీద బయల్దేరితే, ఆ చప్పుడు పూర్తిగా వినపడకుండా పోయేదాకా అమ్మ చేతులు కట్టుకుని గుమ్మంలో నిలబడే ఉండేది.

అలాంటి ఇంట్లోకి తివాచీ వచ్చింది.

నాన్నకి పైన ఒక సూపరింటెండెంటు ఉండేవాడు. తెలుగాయనే, కృష్ణా జిల్లా. ఆయన పెద్ద బంగళాకి మారాడు. కొత్త బంగళాకి కొత్త తివాచీ కావాలని ఆయన భార్య పట్టుబట్టింది. పాత తివాచీని ఏం చెయ్యాలా అని వాళ్ళు చుట్టూ చూస్తే, చేతులు కట్టుకుని నిలబడ్డ మా నాన్న కనిపించాడు. "మీకైతే ఇస్తాం" అన్నారట, ఏదో కన్యాదానం చేస్తున్నట్టు. ఊరికే ఇచ్చారనుకునేరు, డబ్బు పుచ్చుకునే ఇచ్చారు. దానమిచ్చిన ఆవుకి పళ్ళెంచకూడదంటారు. మా నాన్న కొన్న ఆవుకి కూడా ఎంచలేదు. ప్రమోషను సంగతి ఆ పెద్దమనిషి చేతిలో ఉంది మరి.

ముదురెరుపు మీద పువ్వులు, అంచులు అరిగి, ఒక మూల టీ ఒలికిన మరక. మా హాలుకి అది పెద్దదైపోయి, ఒక అంచు దివాను కిందకి మడిచి పెట్టాల్సివచ్చింది. నాన్న ఆ మరక మీద టీపాయ్ పెట్టి, రెండడుగులు వెనక్కి వేసి చూసుకుని మురిసిపోయాడు. "క్లాస్ వచ్చింది ఇంటికి" అన్నాడు. సూపరింటెండెంటు గారింటికి మేం పండగలకి వెళ్ళేవాళ్ళం. వాళ్ళకి బొద్దుగా ఒక తెల్ల పొమరేనియన్ కుక్క ఉండేది. మాకు ప్లాస్టిక్ వైరు కుర్చీలు, దానికి సోఫా. ఆ ఇంట్లో ఎవరి స్థానం ఏమిటో మాకు అలా తెలిసేది.

ఆ తివాచీ వచ్చిన చలికాలమే అమ్మకి ఉబ్బసం మొదలైంది. తివాచీ చీపురుకి లొంగదు. దాన్ని పెరట్లోకి ఈడ్చి, దండెం మీద వేసి, కర్రతో బాదాలి. బాదుతుంటే లేచిన దుమ్ములో అమ్మ కనిపించేది కాదు, దగ్గు వినిపించేది. ఆ తరవాత వంటింటి మెట్టు మీద కూలబడి, రెండు చేతులూ మోకాళ్ళకి ఆనించి, భుజాలెగరేస్తూ ఊపిరికోసం పాకులాడేది. ఛాతీలో పిల్లికూతలు నాకు ముందు గదిలోకి వినపడేవి. నాకు భయమేసేది. ఎప్పుడో ఒకరోజు ఆ మెట్టు మీంచి అమ్మ లేవదేమో అనుకునేదాన్ని.

ఒకరోజు అలా బాదాక, చీర మీద అంటుకున్న తెల్లటి వెంట్రుకలు ఏరి నాన్నకి చూపించింది.

"ఏటండీ ఇయ్యి? కుక్క బొచ్చులాగుంది."

నాన్న కళ్ళజోడు సవరించుకుని, ఏదో ల్యాబులో కూర్చున్నట్టు వెలుగులోకి పట్టి చూశాడు. "ఉన్ని పోగులు. అసలైన ఉన్ని తివాచీ కదా, కొన్నాళ్ళు రాలుతుంది" అన్నాడు. ఎర్రటి తివాచీ తెల్లటి ఉన్నిని ఎలా రాల్చిందో ఆ ఇంజనీరుకి తట్టలేదు. తట్టినా తట్టనట్టే ఉండి ఉంటాడు.

కంపెనీ ఆసుపత్రికి అమ్మతో నేనూ వెళ్ళాను. ఇంట్లో కుక్కగానీ పిల్లిగానీ ఉందా అని డాక్టరు అడిగాడు. లేదన్నాం. తివాచీ ఉందా అన్నాడు. ఉందన్నాం. "ముందు దాన్ని అవతల పారెయ్యండి. మందులు ఆ తరవాత" అన్నాడు. ఇంతకన్నా తేటగా ఏ డాక్టరూ చెప్పలేడు. ఇంటికొచ్చి ఆ మాట చెప్తే నాన్న మొహం వాడిపోయింది.

"డాక్టర్లకేం, నోటికొచ్చింది చెప్తారు. రేప్పొద్దున సార్ మనింటికొచ్చి, ఏమయ్యా నేనిచ్చిన తివాచీ ఏదీ అంటే ఏం చెప్పను? దుమ్మే కదా సమస్య? దుమ్ము లాగే యంత్రం కొందాం."

సంగతి ఇదీ. భార్య ఊపిరిని ఒక పళ్ళెంలో, పై అధికారి పాత తివాచీని ఇంకో పళ్ళెంలో పెట్టి తూస్తే, మా నాన్న తక్కెట్లో తివాచీ బరువు తూగింది. ఆ తరవాత జరిగిన సాంకేతిక చర్చలన్నీ ఆ సిగ్గుని కప్పిపెట్టుకోడానికే.

చర్చలు మాత్రం ఘనంగా జరిగాయి. సాయంత్రం షిఫ్టు దిగి వచ్చిన పెద్దమనుషులు మా వరండాలో కూర్చుని, తివాచీకీ గచ్చుకీ రెండింటికీ ఒకే యంత్రం ఎలా పనికొస్తుందని తల బద్దలుకొట్టుకునేవారు. తివాచీకి లోపలికంటా లాగే బలం కావాలని ఒకాయన. గచ్చుకి అంత బలం పెడితే మూతి నేలకి అతుక్కుపోయి కదలదని ఇంకొకాయన. మోటారు గురించి, గాలి గొట్టం వెడల్పు గురించి మాట్లాడుకున్నారు. ఒకాయన అమ్మ తుడిచిన గచ్చు మీదే సుద్దముక్కతో బొమ్మ గీసి వివరించాడు. అందరూ అమ్మ పెట్టిన టీలు తాగారు. ఆ యంత్రాన్ని పట్టుకుని తిప్పాల్సింది ఎవరో, ఆవిడ చేతికి ఎంత బరువు ఆగుతుందో అడిగిన నాథుడు ఒక్కడూ లేడు. లోపల్నించి పిల్లికూతలు వినపడుతూనే ఉండేవి. ఎద్దు పుండు కాకికి నొప్పా?

మొదట ఒక కంపెనీ తరఫున బెంగాలీ కుర్రాడు వచ్చాడు. టై కట్టుకుని, చక్రాల మీద దొర్లే డబ్బాలాంటి యంత్రం తెచ్చాడు. ఏనుగు తొండంలా పొడుగాటి గొట్టం. గచ్చుకి కుచ్చున్న బ్రష్షు, తివాచీకి పలకలాంటి మూతి, మార్చి మార్చి తగిలించుకోవచ్చు. కుర్రాడు మంచివాడే, హిందీలో చక్కగా వివరించాడు. అయితే అతను వస్తాడని తెలిసిన ముందురోజే అమ్మ ఇల్లంతా దులిపి, ఊడ్చి, కడిగి, తివాచీని పెరట్లోకి ఈడ్చి చావబాదింది.

"పరాయి మనిషొచ్చి మనింట్లో దుమ్ము తీసి చూపిత్తాడా? సిగ్గునేదూ?" అంది నేను వద్దంటే.

ఇంకేముంది, మర్నాడు యంత్రం హోరెత్తి, ఇల్లంతా తిరిగి, సంచీ విప్పితే చిటికెడు దుమ్ము రాలింది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. కుర్రాడి మొహం పాలిపోయింది. లాగే బలం చాలదని నాన్న తేల్చాడు. "కాదు, మీ ఇంట్లో దుమ్మే లేదు, అసలు మీకు యంత్రమే అక్కర్లేదు" అని ఇంకొకాయన తేల్చాడు. ఇద్దరూ గంభీరంగా తలలూపుకున్నారు.

నేను ఆగలేకపోయాను. ఆ వయసులో నాకు కోపమొస్తే హిందీయే వచ్చేది. "మా నే కల్ హీ సబ్ సాఫ్ కియా థా, పాపా!" అన్నాను. అమ్మ నిన్ననే అంతా శుభ్రం చేసిందని చెప్తే, "మంచిదే కదా" అన్నాడు నాన్న. ఆ దుమ్మంతా నిన్న ఎవరి ఛాతీలోకి వెళ్ళిందో ఆ ఇద్దరు ఇంజనీర్లలో ఒక్కరికీ తోచలేదు.

తరవాత పక్క క్వార్టరాయన వంతు. ఆయన కంపెనీ తరఫున జర్మనీ వెళ్ళి ట్రైనింగు చేసొచ్చాడు. వచ్చి రెండేళ్ళయినా ఇంకా అక్కడే ఉన్నట్టు మాట్లాడేవాడు. అక్కడ్నించి తెచ్చుకున్న నిలువు యంత్రాన్ని, పెళ్ళికొడుకుని తెచ్చినట్టు చెయ్యి పట్టి తీసుకొచ్చాడు. దాని కింద గిరగిర తిరిగే బ్రష్షు ఉంది. తివాచీ మీద బాగానే నడిచింది. గచ్చుకి పరీక్ష పెడతానని ఆయనే వంటింట్లోకి వెళ్ళి, టీపొడి డబ్బా తెచ్చి, నేలంతా చల్లాడు. యంత్రం వెయ్యగానే ఆ బ్రష్షు టీపొడిని లోపలికి లాగడం మానేసి నాలుగువైపులకీ విసిరికొట్టింది. దేవుడి పీట కిందకి, బీరువా సందుల్లోకి, మా జుట్టులోకి.

"జర్మనీలో ఇలాంటి గచ్చులుండవు" అన్నాడాయన చొక్కా దులుపుకుంటూ. "లోపం మీ నేలలో ఉంది."

గోరుచుట్టు మీద రోకటిపోటంటే అదే. ఆ టీపొడిని అమ్మ కొండచీపురుతో సందుసందునా ఏరి ఊడుస్తుంటే, ఆయన వరండాలో కూర్చుని అదే డబ్బాలో మిగిలిన పొడితో పెట్టిన టీ తాగుతూ జర్మనీ రైళ్ళ గురించి చెప్పాడు.

ఒకటి తివాచీకి పనికొస్తే గచ్చుకి రాదు, ఇంకొకటి గచ్చుకి పనికొస్తే తివాచీకి చాలదు. సభ తెగలేదు. అప్పుడు నాన్నకి అద్భుతమైన ఆలోచన వచ్చింది. తివాచీ ఇచ్చిన మహానుభావుణ్ణే పిలిచి తేల్చమందాం అన్నాడు. బెంగాలీ కుర్రాడి దగ్గర తివాచీలకని కొత్త బ్రష్షు వచ్చిందట, అతన్నీ రమ్మన్నాడు. ఆదివారం సాయంత్రం సూపరింటెండెంటు గారు సతీసమేతంగా వస్తానని సెలవిచ్చారు.

ఈసారి అమ్మ ముందురోజు చీపురు పట్టలేదు. అంతకు ముందురోజూ పట్టలేదు. ఆ వారమంతా వంటిల్లూ దేవుడి మూలా తప్ప హాల్లో చీపురు వెయ్యలేదు. ఎర్ర గచ్చు నల్లబడింది. నడిస్తే అరికాళ్ళకి మసి. నాకే సిగ్గేసి చీపురు తీస్తే చేతిలోంచి లాక్కుంది.

"ముట్టుకోకే. యంత్రం వత్తంది కదా. దాని పని దానికుంచాల."

నాన్న ఏమీ గమనించలేదు. రోజూ ఆ మసి మీంచే నడిచొచ్చి, సాక్సులు విప్పి, పేపరు చదువుకున్నాడు. ఇల్లు శుభ్రంగా ఉండడమనేది ఇనుము బరువుగా ఉండడంలా దానంతటదే జరిగే సంగతని ఆయన నమ్మకం.

ఆదివారం దీపాలు పెట్టే వేళకి వాళ్ళొచ్చారు. సూపరింటెండెంటు గారు దివాను మీద చేరగిలపడ్డారు. ఆవిడ గరగరలాడే పట్టుచీర ఎత్తిపట్టుకుని, చేతిరుమాలుతో కుర్చీ తుడుచుకుని మరీ కూర్చుంది. ఆ రుమాలు నల్లబడ్డం చూసి మూతి ముడిచింది.

"అదేంటండీ, మీ పనిమనిషి రావట్లేదా?"

"మాకు పనిమనిషి నేదండి. నేనే" అంది అమ్మ.

నాన్న అప్పుడు నేల చూశాడు. మొదటిసారి చూశాడు. ఆయన చెవులు ఎర్రబడ్డం నాకు కనిపించింది. ఈలోగా కుర్రాడు యంత్రం మొదలుపెట్టాడు. గచ్చు మీద మూతి వెళ్ళినంత మేరా నల్లటి నేల మధ్యలోంచి ఎర్రటి బాట లేచింది. సూపరింటెండెంటు గారు "వెరీ గుడ్" అన్నారు. నాన్నకి ప్రాణం లేచొచ్చింది. కుర్రాడు హుషారుగా కొత్త బ్రష్షు తగిలించి తివాచీ మీదకి వెళ్ళాడు. కాసేపు బాగానే సాగి, దివాను కింద మడిచిన అంచు తీసి అక్కడ పెట్టేసరికి, యంత్రం గొంతు మారింది. మూలిగి, ఆయాసపడి, ఆగిపోయింది. అచ్చం మెట్టు మీద కూర్చున్న అమ్మలాగే.

కుర్రాడు బ్రష్షు తిరగేసి చూశాడు. దాని చుట్టూ తెల్లటి వెంట్రుకలు బిగుతుగా చుట్టుకుని ఉన్నాయి. వేళ్ళతో లాగితే వత్తులకి విడదీసిన పత్తిలా గుప్పెడు వచ్చింది. కాగితం పరిచి సంచీ కుమ్మరిస్తే అందులో ఇంకో గుప్పెడు. తన యంత్రం ప్రతాపానికి కుర్రాడి మొహం వెలిగిపోయింది.

"మాతాజీ, ఆప్ కా కుత్తా తో బడా సుందర్ హోగా! సఫేద్ హై న?"

మీ కుక్క చాలా అందమైనదై ఉంటుంది, తెల్లది కదా, అన్నాడు పాపం.  సూపరింటెండెంటు గారి భార్య పైన తిరగని ఫ్యాను వంక చూసింది.

"హమారా కుత్తా నహీ హై, బేటా" అంది అమ్మ నిదానంగా, మాకు కుక్క లేదని. ఆ తరవాత ఆవిడ వైపు తిరిగి, "తివాసీ మీ కాడ్నించే వచ్చింది కదండీ" అంది.

సూపరింటెండెంటు గారు గొంతు సవరించుకున్నారు. "ఇది ఉన్ని అనుకుంటా" అన్నారు.

"అవును సార్, ఉన్నే సార్. అసలైన ఉన్ని. కొన్నాళ్ళు రాలుతుంది సార్" అన్నాడు నాన్న.

ఆ మూడు "సార్"ల మధ్య నాన్న మీద నాకున్న గౌరవం ఎక్కడికి పోయిందో, మళ్ళీ పూర్తిగా తిరిగిరాలేదు. కళ్ళెదురుగా గుప్పెడు కుక్క బొచ్చు. దాన్ని పీల్చి పీల్చి ఉబ్బసం తెచ్చుకున్న భార్య పక్కనే నిలబడుంది. అయినా ఉన్నేనట.  అమ్మ నాన్న మొహంలోకి ఒక్కసారి చూసి, లోపలికి వెళ్ళింది.

తాము ఇంకోచోటికి వెళ్ళాలంటూ వాళ్ళు లేచారు. కాఫీలు అలాగే ఉన్నాయి. అమ్మ మర్యాద ఎక్కడా తప్పలేదు. కుంకుమ భరిణ తెచ్చి ఆవిడకి బొట్టు పెట్టింది. తాంబూలంలో రవికెగుడ్డ పెట్టి చేతికిచ్చింది. దేవుడి దగ్గర దీపం అప్పటికే వెలుగుతోంది. వాళ్ళు గడప దాటి వరండాలోకి వెళ్ళారు. వెనకాలే నాన్న, కొంచెం వంగి.

"ఇలాగియ్యి బాబూ" అంది అమ్మ కుర్రాడితో. గచ్చు బ్రష్షు తగిలించమని సైగ చేసి, గొట్టం చేతిలోకి తీసుకుంది. అంతదాకా ఎవరూ ఆవిడ చేతికి దాన్ని ఇవ్వలేదు. మీట నొక్కింది. ఇల్లంతా హోరు. హాలు మధ్య నుంచి మొదలుపెట్టి, వాళ్ళు నడిచిన దారి వెంటే ఊడ్చుకుంటూ, గడప దాకా వచ్చింది.

ఆఖరి మెట్టు మీద కాలు పెట్టిన సూపరింటెండెంటు గారి భార్య గిరుక్కున తిరిగింది. కృష్ణా జిల్లా అయితేనేం, శ్రీకాకుళం అయితేనేం, వెనకాల ఊడిస్తే దాని అర్థమేమిటో తెలియని తెలుగు ఆడది ఉండదు. నుదుట అమ్మ పెట్టిన బొట్టు, చేతిలో తాంబూలం, మొహాన నెత్తురుచుక్క లేదు. బెంగాలీ కుర్రాడికి ఏమీ అర్థం కాలేదు. అమ్మకం కుదిరిందని మాత్రం అర్థమైంది. నిజంగానే కుదిరింది, ఆ డబ్బా మా ఇంటి గచ్చు మీద చాలా ఏళ్ళు తిరిగింది. నాకైతే అమ్మ కాళ్ళ మీద పడాలనిపించింది.

కారు వెళ్ళిన చప్పుడయ్యాక నాన్న గేటు దగ్గర్నించి పరుగున వచ్చాడు. ఇన్నేళ్ళ కంపెనీ ఉద్యోగంలో తోమి తోమి నున్నగా చేసుకున్న భాషంతా ఊడిపోయి, చిన్నప్పటి మాట బయటికొచ్చింది.

"ఆళ్ళు గేటు దాటకుండానే ఊడుత్తన్నావేటే! దీపం పెట్టినాక! ఇంక ఆళ్ళు మళ్ళీ మనింటికి వత్తారా?"

అమ్మ మీట నొక్కి యంత్రం ఆపింది. నిశ్శబ్దంలో ఆవిడ ఊపిరి వినపడుతోంది, పిల్లికూతలతో సహా.

"రాకూడదనేనండి" అంది. "ఆ తివాసీ ఆ చివర పట్టుకోండి. పెరట్లోకి కాదు, వీధిలోకి."

నాన్న నా వంక చూశాడు. నేను దివాను పక్కకి జరిపాను. అప్పుడు వంగి పట్టుకున్నాడు.